తడిచేతి బంగారం

ఏడుకళ్ళాల సీమకు తూర్పున కరిముఖగిరి. ఏనుగు మోకరిల్లి కూర్చున్నట్టు ఉంటుంది ఆ కొండ. పొద్దు పొడిచేటప్పుడు దాని కుంభస్థలం సిందూరం పూసినట్టు ఎర్రబారుతుంది. మధ్యాహ్నానికి నీలాలు పరిచినట్టు మెరుస్తుంది. తొండం నేలకు వాలిన చోట నల్లటి గుహ ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. కొండ కింద ఏడు కళ్ళాలు, ఒక్కొక్కటి వెయ్యి ఎడ్లు తిరిగేంత విశాలం. వాటి చుట్టూ కనుచూపు మేర కొర్ర చేలు. నక్కతోకల్లాంటి కంకులు గాలికి ఊగుతుంటే పసిడి సముద్రం పొంగినట్టు ఉంటుందని ఆస్థాన కవులు రాశారు. ఆ సముద్రంలో నడుము వంచి కోసేవాళ్ళ గురించి వాళ్ళు రాయలేదు. మిగతా కథ ఆ కోసేవాళ్ళది.

ఆ సీమలో కూలి కొలిచి ఇవ్వరు. కళ్ళంలో రాశి పోసినాక పక్కన నీళ్ళ కాగు పెడతారు. కూలివాడు చెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో ముంచి, ఆ తడిచేతిని రాశిలో గుచ్చి బయటికి తీస్తాడు. వేళ్ళు ముడవకూడదు. తడికి ఎన్ని గింజలు అంటుకుంటే అన్నీ వాడివి. పూటకు పన్నెండు ముంపులు. పిడికిలి బిగిస్తే అత్యాశ అని, అంటుకున్నది దైవమిచ్చిందని నీతి చెబుతారు. ఈ నీతిని ఎవరు కనిపెట్టారో వెతకనక్కర్లేదు. రాశి ఎవరిదో వాళ్ళే కనిపెట్టారు.

దీనికి తోడు ఇంకొక కట్టు ఉంది. ఒకసారి తడిచెయ్యి పెట్టినవాడు, ఆ రాశిని కళ్ళం నుంచి ఎత్తేదాకా రాశిగలవాడి మనిషి. చెప్పిన పని చెయ్యాలి, పొమ్మన్న చోటికి పోవాలి. కొర్రల రాశి నాలుగు రోజుల్లో గరిసెలకు ఎక్కిపోతుంది కాబట్టి ఈ కట్టు ఎవరినీ అంతగా నొప్పించలేదు. నొప్పించని సంకెలను మనిషి మరిచిపోతాడు.

కంకులు పండి కోతకు వచ్చిన వారంలో హేమకుండుడు ఆ సీమలో అడుగుపెట్టాడు. వాడు మాంత్రికుడు. కానీ వచ్చింది షావుకారు వేషంలో. గుబురు మీసం, చెవులకు ఎర్రరాళ్ళ పోగులు, ఎవరిని చూసినా సొంత మేనమామలా నవ్వే నవ్వు. వెనక వెయ్యి ఎడ్లు, ఎడ్ల మీద గోతాలు. మూడో కళ్ళంలో గోతాలు విప్పితే బంగారు రజను కుప్పగా జారింది. తాటిచెట్టంత ఎత్తు. దాని కాంతికి కళ్ళం పక్కన పచ్చగడ్డి కూడా పసుపుపచ్చగా కనిపించింది.

"మీ ఆచారమే నాకూ ఆచారం" అన్నాడు హేమకుండుడు. "రోజుకొక్క ముంపు. అంటుకున్నది మీది. పని చెయ్యమని అడగను, పాట పాడమని అడగను."

తిమ్మప్ప అనే ముసలి కూలివాడు తల గోక్కున్నాడు. "ఊరికెందుకు ఇస్తావప్పా? మా రాజు చెమటకే సరిగా ఇయ్యడు."

"ఊరికే ఎక్కడిది తాతా, నీ చేతి తడి ఉందిగా" అని నవ్వాడు హేమకుండుడు.

జనం నవ్వారు. తిమ్మప్పా నవ్వాడు. అందరికంటే ముందు కాగులో చెయ్యి ముంచింది కూడా తిమ్మప్పే.

పది రోజులు సీమ సీమంతా ఆ కళ్ళం చుట్టూ బారులు తీరింది. కొడవళ్ళు చూరుల్లో ఉండిపోయాయి. షావుకారుతో పాటే వచ్చిన వర్తకులు పట్టు, అత్తరు, అద్దాలు, పల్లకీలు అమ్మారు. గేదెల కొమ్ములకు జరీ తలపాగాలు చుట్టారు. చేలల్లో కంకులు ఎండి రాలిపోయాయి. పిచ్చుకలు తిని తిని ఎగరలేక గట్ల మీద నడుస్తూ తిరిగాయి.

ఆ సీమలో తడిచెయ్యి పెట్టనిది ఒక్కతే. పేరు బయ్యమ్మ. ముప్పై ఏళ్ళ మనిషి, తూర్పారబట్టే ఇంటి ఆడపడుచు. ఎత్తుపీట ఎక్కి చేటతో ధాన్యం జారవిడిచి, గాలికి పొల్లు వేరు చేసి, రాశీ అని మూడుసార్లు పిలవడం వాళ్ళ ఇంటి వృత్తి. ఆమె బంగారం ముట్టనిది నీతి వల్ల అనుకుంటే పొరపాటు. షావుకారు రావడానికి ముందురోజే కొడవలి తగిలి కుడి అరచెయ్యి చీలింది. తడి తగిలితే చీము పడుతుందని పసరు కట్టినవాడు చెప్పాడు. ఎడమచెయ్యి ఆచారంలో చెల్లదు. అందుకని ఇంట్లో కూర్చుని పది రోజులూ ఏడ్చింది. అందరి అదృష్టాన్నీ గుమ్మంలోంచి చూసి మరీ ఏడ్చింది.

ఆమె అన్న పుల్లన్న పెళ్ళాం పోయినవాడు, పిల్లలు లేనివాడు, చెల్లెలంటే ప్రాణం పెట్టేవాడు. వాడు తొమ్మిదో రోజున ఒక పల్లకీ ఈడ్చుకొచ్చి వాకిట్లో పెట్టాడు.

"ఎక్కు బయ్యమ్మా" అన్నాడు.

"దీన్ని మోసేదెవరనా?"

"బోయీలను పెట్టుకుందాం."

"యాడుండారు బోయీలు? బోయీల ఓబులేసూ పల్లకీ కొన్న్యాడు. నిన్నట్నుంచి దాంట్లో కూచోని, ఎవరన్నా వచ్చి ఎత్తుతారేమోనని చూస్తాండాడు."

పుల్లన్న పల్లకీ లోపలికి తొంగి చూశాడు. "అయితే కోళ్ళగూటికి పనికొస్తుందిలే" అన్నాడు.

ఆ రోజు ఇంట్లో వండడానికి గింజ లేదు. ఎవరింట్లోనూ లేదు. కోసినవాడు లేడు, నూర్చినవాడు లేడు. అందరి దగ్గరా ధనం ఉంది కాబట్టి ఎవరూ ఎవరికీ పని చెయ్యరు, ఎవరి ధనానికీ ఏమీ రాదు. ఇంత చిన్న సంగతి ఆ పది రోజుల్లో ఒక్కరి బుర్రకూ తట్టలేదు. ఆకలి మొదలయ్యాక బయ్యమ్మకు తట్టింది.

ఆ వాడలో గాడిద మీద ఉప్పు అమ్ముకునే కొత్తవాడు ఒకడు తిరుగుతున్నాడు. గంప ఉప్పుకు గుప్పెడు బంగారం ఇస్తామన్నా వద్దంటాడు. గింజలుంటే ఇమ్మంటాడు. బయ్యమ్మ వాడి కాళ్ళు చూసింది. ఉప్పు మళ్ళలో తిరిగేవాడి మడమలు బీటలు వారి ఉండాలి. వీడివి తామరరేకుల్లా ఉన్నాయి.

"నువ్వు ఉప్పోడివి కాదు. ఎవరు నువ్వు?" అని అప్పుడే అడిగింది.

వాడు గాడిదను తోలుకుంటూ పోయాడు.

పదకొండో రోజు పొద్దున్నే మూడో కళ్ళంలో డప్పు మోగింది. కుప్ప ముందు హేమకుండుడు నిలబడ్డాడు. మీసం లేదు, పోగులు లేవు. ఒంటినిండా విభూతి, మెడలో పాముకుబుసాల హారం, కళ్ళు కొలిమిలో కాలిన ఇనుములా ఎర్రగా ఉన్నాయి. నవ్వు మాత్రం అదే మేనమామ నవ్వు.

"రాశి ఇంకా కళ్ళంలోనే ఉంది" అన్నాడు. "పిడికెడైనా తరగలేదు. మీరంతా నా మనుషులు. కొండలోకి నడవండి, పనుంది."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు పూర్తి కాకముందే వేలమంది కుడిచేతులు వాటంతట అవే పైకి లేచాయి. అరచేతులు బంగారు రంగులో భగ్గుమన్నాయి. ఎవరో తాడు కట్టి గుంజినట్టు చేతులు కొండవైపు సాగాయి, చేతుల వెనక మనుషులు సాగారు. ఒకడు చెట్టును కౌగిలించుకున్నాడు, చెట్టు బెరడు ఊడి వచ్చింది. తిమ్మప్ప కాళ్ళు బారచాపి నేలమీద కూర్చున్నాడు. వాడి చెయ్యి వాణ్ణి గోతాన్ని ఈడ్చినట్టు ఈడ్చుకుపోయింది.

బయ్యమ్మ పరిగెత్తి అన్నను పట్టుకుంది. పుల్లన్న బారులో మొదటి వరసలో ఉన్నాడు.

"యాడికి పోతాండావనా?"

"నాకేం తెలుసు. చెయ్యి పోతాంది, నేను పోతాండా."

"ఆగు. కాళ్ళు తన్నిపెట్టు."

"పెట్టినాను. భుజం ఊడొచ్చేట్టుంది." వాడి ముఖం పాలిపోయింది, అయినా గొంతు తగ్గించి చెల్లెలికే చెప్పాడు. "నువ్వు నా చెయ్యి ముట్టొద్దు. అంటుకుంటుందేమో. ఇంటికి పో. కోళ్ళు మూయలేదు."

అప్పుడు ఉప్పు గాడిద జనాన్ని చీల్చుకుంటూ దూసుకొచ్చింది. దాని మీదున్నవాడు ఉప్పు సంచిలో చెయ్యి పెట్టి రెండు మూరల పొడవు కత్తి దూశాడు. ఎండలో కత్తి మెరుపులా మెరిసింది. వాడు మాంత్రికుడి మెడ మీదికి ఒక్క దూకు దూకాడు. హేమకుండుడు కదలలేదు. చిటికెడు రజను తీసి ఊదాడు. ఉక్కు కత్తి పసుపుపచ్చగా మారి, మైనపువత్తిలా వంగి, మాంత్రికుడి భుజం మీద మెత్తగా చుట్టుకుంది. రెండో ఊదుకు కత్తి పట్టినవాడు ఎగిరి బయ్యమ్మ కాళ్ళ దగ్గర పడ్డాడు.

"పోయినేడు మీ ఊళ్ళో దాక్కున్నావు రాకుమారా, ఇప్పుడు దొరికావు" అన్నాడు హేమకుండుడు. "నీతో నాకు పని లేదు. నీ చెయ్యి పొడిగా ఉంది." వాడు కొండవైపు తిరిగి జనాన్ని తోలుకుంటూ పోయాడు.

బయ్యమ్మ పడినవాణ్ణి చొక్కా పట్టి లేపింది. "రాకుమారుడా నువ్వు?"

"పశ్చిమాన ఉన్న పైడిగట్టు యువరాజును. నా పేరు విజయధరుడు."

"పది రోజులుగా ఇదంతా తెలిసి ఉప్పు అమ్ముకుంటా తిరిగినావా?"

"చెబితే ఎవరు వింటారక్కా? మా ఊళ్ళో మా నాన్నగారే వినలేదు. బంగారం పంచేవాణ్ణి ఆపితే జనం నన్ను కొట్టేవారు." వాడి తల వాలిపోయింది. "పోయినేడు ఇదే కుప్ప మా కళ్ళంలో పోశాడు. మూడువేల మందిని రాత్రికి రాత్రే ఈ కొండలోకే తోలుకొచ్చాడు. నన్ను పెంచిన దాది కూడా వచ్చింది. ఎవరూ తిరిగి రాలేదు. కుప్ప మాత్రం పెరిగింది. మా దగ్గర మనిషెత్తు ఉండేది, ఇప్పుడు తాటిచెట్టంత ఉంది."

బయ్యమ్మ కుప్ప వంక చూసింది. మనుషులు లోపలికి పోతారు, కుప్ప పెరుగుతుంది. ఈ రెంటికీ నడుమ ఏదో ఉంది. అదేమిటో ఆమెకు వెంటనే అందలేదు. ఆమె బంగారం గురించి తనకు తెలిసిందంతా తలచుకుంది. తెలిసింది ఒకటే. నిన్న అన్న సంచి ఎత్తి దాని కింద చీపురుతో ఊడ్చింది.

"బంగారం ఎంత బరువుంటుంది?" అని అడిగింది.

"చాలా బరువు. చిన్నప్పుడు నా చేతికి కడియాలు వేస్తే చెయ్యి పైకెత్తలేకపోయేవాణ్ణి."

"మా అన్న సంచి పొట్టు మూటంత కూడా లేదు. ఒంటిచేత్తో ఎత్తినాను. బంగారమంటే అట్లనే ఉంటుందేమో అనుకున్న్యా."

రాకుమారుడు ఆమె వంక వింతగా చూశాడు. "ఎవరికీ అనుమానం రాలేదా?"

"ఎట్లొస్తుంది? ఈ సీమలో ఎవరన్నా బంగారం ఎత్తి చూసినారా ఎప్పుడన్నా?"

తరాల తరబడి ఒక వస్తువును జనానికి అందనివ్వకపోతే, దొంగ సరుకు వచ్చిన రోజున వాళ్ళకు తేడా ఎలా తెలుస్తుంది? వాళ్ళది అత్యాశ అని తిట్టడం తేలిక. వాళ్ళకు బరువు నేర్పనివాళ్ళను ఎవరూ తిట్టరు.

బయ్యమ్మ కొంగు బిగించి పరిగెత్తింది, గాడిదను లాక్కుంటూ రాకుమారుడు వెనకే వచ్చాడు. మూడో కళ్ళంలోకి వెళ్ళి కుప్ప ముందు నిలబడి, పొలికేక పెట్టింది.

"ఈ కుప్పను తూర్పారబట్టిందెవరు?"

గుహ వాకిట్లో హేమకుండుడు వెనక్కి తిరిగాడు. వేల చేతులు గాలిలో ఎక్కడివక్కడ ఆగాయి.

"కల్లం ఆచారం నీదీ అన్న్యావు" అంది బయ్యమ్మ. "తూర్పారబట్టి, పొల్లు తీసి, మా ఇంటి మనిషి మూడుసార్లు రాశీ అని పిలిస్తేనే అది రాశి. అందాకా వట్టి కుప్ప. కుప్పలో పెట్టిన చెయ్యికి కట్టు లేదు. నేను పిలవలేదు. ఎవరు పిలిచినారు?"

జనంలో గుసగుస లేచింది. నిజమే, ఎవరూ పిలవలేదు. కొర్రల రాశి అయితే తూర్పారబట్టకుండా ఒక్క కూలివాడూ చెయ్యి పెట్టడు. బంగారాన్ని చూసేసరికి ఎవరికీ గుర్తు రాలేదు. బంగారాన్ని చెరిగేదెవరు?

మాంత్రికుడి ముఖం మొదటిసారి ముడుచుకుంది. జనాన్ని వాళ్ళ ఆచారంతోనే కట్టాడు కాబట్టి అదే ఆచారం వాణ్ణీ కట్టింది. ఆమె అడిగింది తీర్చనిదే చేతులు కదలవు. అంతలోనే మళ్ళీ నవ్వాడు.

"చెరుగు తల్లీ. పొల్లు లేస్తే అది రాశి కాదని ఒప్పుకుంటాను. లేవకపోతే నీ కుడిచెయ్యి తడిపి అందరికంటే ముందు నువ్వే లోపలికి నడవాలి. నీ నీడ నీ కాళ్ళ కిందికి వచ్చేదాకా గడువు."

వాడు అలా ఎందుకన్నాడో బయ్యమ్మకు తెలుసు. ఆ వేళ ఆకు కదలడం లేదు.

ఆమె ఎత్తుపీట తెప్పించుకుని ఎక్కింది. చేట నింపి తలపైకి ఎత్తింది. చీలిన అరచేతిలో పసరు కట్టు ఊడి నెత్తురు చేట అంచుకు పాకింది. సన్నగా జారవిడిచింది. రజను నిట్టనిలువునా కిందికి జారి పీట చుట్టూ పడింది. ఒక్క రేణువూ పక్కకు పోలేదు. రెండో చేటా అంతే. మూడోదీ అంతే. ఆమె నీడ కొస పాదాలకు జానెడు దూరంలో ఉంది.

"గాలి లేదక్కా" అన్నాడు రాకుమారుడు.

"కనబడతాంది. ఉప్పు గోనె విప్పు."

"ఎందుకు?"

"మా కల్లాల్లో గాలి లేకుంటే చేతులూపుకుంటా కూచోరు నాయనా, దుప్పటి పట్టి విసురుతారు. ఒక కొస గాడిద జీనుకు కట్టు, ఇంకో కొస నువ్వు పట్టు. విసురు. ఇంత మెల్లగానా? నీకు కూడు పెట్టినవాళ్ళు ఎవరూ విసరలేదా నీకు?"

"విసిరారు. రోజూ విసిరారు" అని రాకుమారుడు ఒప్పుకున్నాడు. గోనె పట్టి విసిరాడు. పది విసుర్లకు భుజాలు పట్టేశాయి, ఇరవైకి అరచేతులు బొబ్బలెక్కాయి. గాడిద గింజుకుంది, ఆ గింజుకోవడమూ గాలికి పనికొచ్చింది.

నాలుగో చేట. రజను జారుతూ జారుతూ మెలిక తిరిగింది. పక్కకు వాలింది. తర్వాత పొగలా లేచింది. గాలిలోకి లేచినకొద్దీ దాని రంగు పోయి బూడిదరంగు అయింది, బూడిదలోంచి మాటలు వినిపించాయి. గట్టిగా కాదు, పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు.

"ఎద్దుకు మేతేసినావా" అంది ఒక గొంతు. "కాసిన్ని మంచినీళ్ళియ్యండమ్మా" అంది ఇంకొకటి. "ఇంకెన్ని చుట్లు? నాకు నడుం పడిపోయింది" అంది ఒక ముసలి గొంతు. "బాబుకు ఎండలో ఆడుకోవద్దని చెప్పండి, వాడికి వడదెబ్బ తగులుతుంది" అంది మరొకటి.

రాకుమారుడి చేతిలో గోనె ఆగిపోయింది. ఆ చివరి గొంతు వాడి దాదిది.

అప్పుడు బయ్యమ్మకు కుప్ప అంటే ఏమిటో అర్థమైంది. అందరికీ అర్థమైంది. అది మూడువేల మంది ఊపిరి. ఒంట్లోంచి పిండి, ఎండబెట్టి, రజనుగా పోసింది. ఈ పది రోజులూ పట్టు కొన్నది, పల్లకీ కొన్నది, గేదెకు తలపాగా చుట్టింది ఆ ఊపిరితోనే. ఊరికే వచ్చిందనుకున్నది ఎవరో కదా ఇచ్చారు. ఇచ్చినవాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే.

ఓబులేసు తన అరచేతిని చూసుకుని పెద్దగా ఏడ్చాడు. అరచేతిలో బంగారం పొరలు పొరలుగా లేచి బూడిదై ఎగిరిపోయింది. చెయ్యి వాలింది. వాడి పక్కవాడిదీ వాలింది. ఆ పక్కదీ వాలింది. చేలో గాలి పారినట్టు, వెనక వరస నుంచి ముందుకు చేతులు వాలుతూ వచ్చాయి.

హేమకుండుడు అది తనదాకా వచ్చేవరకు ఆగలేదు. ఆచారం ఓడిపోయిందని తెలియగానే దాన్ని వదిలేశాడు. ఆచారాలు పెట్టేవాళ్ళు ఎప్పుడూ చేసే పనే అది. ముందు వరసలోని నలభై మందినీ పాముకుబుసం హారంతో చుట్టి గుహలోకి ఒక్క లాగు లాగాడు. పుల్లన్న మడమలు గుమ్మం రాతికి గీరుకుపోతూ లోపలికి మాయమయ్యాయి. కొండ తొండం కదిలింది. గుహ నోరు మూసుకోసాగింది.

బయ్యమ్మ పీట మీంచి దూకింది.

"కుప్ప ఇంకా మిగిలుంది. ఎవరినీ ముట్టనీయొద్దు" అని ఓబులేసుకు చెప్పింది. వాడు తల ఊపాడు. వాడి వెనక ఒకడు అప్పుడే కాగు వైపు నాలుగడుగులు వేసి, అందరూ చూస్తున్నారని ఆగాడు. బయ్యమ్మ వాణ్ణి చూసింది. తిట్టడానికి తీరిక లేదు. "ఓబులేసూ, వాడి పక్కనే నిలబడు" అని పరిగెత్తింది. రాకుమారుడు ఆమె వెంట పరిగెత్తాడు. రాతితొండానికీ నేలకూ నడుమ మూరెడు సందు ఉండగా ఇద్దరూ పాకి లోపల పడ్డారు. వెనక కొండ మూసుకుంది.

లోపల చీకటి కాదు. కొండ కడుపంతా తేనెరంగు వెలుగు. గోడలు అద్దంలా నునుపు, పైకప్పు నుంచి స్ఫటికపు ఊడలు వేలాడుతున్నాయి, వాటి కొసల నుంచి పసిడి బొట్లు రాలుతున్నాయి. అంతటి సోయగం నడుమ ఒక గానుగ ఉంది. రోలు చెరువంత. దాని దూలం ఓడ స్తంభమంత. దూలానికి నలభై మంది కుడిచేతులు అతుక్కుని ఉన్నాయి. వాళ్ళు గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక్కో చుట్టుకు రోలు అడుగు నుంచి సన్నటి బంగారు ధార జారుతోంది. పైన రాతిగద్దె మీద హేమకుండుడు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

పుల్లన్న మూడు చుట్లు తిరిగాడు. అప్పటికే వాడి కణతల మీద జుట్టు తెల్లబడింది.

రాకుమారుడు దూలానికి అడ్డంపడి భుజం ఆనించాడు. దూలం వాణ్ణి చీమను తోసినట్టు తోసేసింది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తోసింది. "ఆగదక్కా" అన్నాడు రొప్పుతూ.

బయ్యమ్మ అన్న పక్కనే నడిచింది. వాడు ఆమెను చూశాడు, పోల్చుకోవడానికి అరచుట్టు పట్టింది.

"వద్దన్న్యా కదా" అన్నాడు. గొంతు ముసలివాడి గొంతులా ఉంది. "పో."

"పోయే దారి మూసుకుపోయింది. అనా, నీకేం నొప్పి?"

"నొప్పి లేదు. పేర్లు పోతాండాయి. మీ వదిన పేరేంది?"

బయ్యమ్మ చెప్పింది. వాడు ఆ పేరు రెండుసార్లు అనుకున్నాడు. ఇంకో చుట్టు తిరిగేసరికి అదీ పోతుందని ఆమెకు తెలుసు. నడుస్తూనే దూలం వంక, దానికి అతుక్కున్న చేతుల వంక, చేతుల కింద తిరిగే కాళ్ళ వంక చూసింది. పొద్దున తిమ్మప్ప కళ్ళంలో కూర్చున్నాడు, చెయ్యి వాణ్ణి ఈడ్చుకుపోయింది. అక్కడ వాడొక్కడు కూర్చున్నాడు. ఎవరి చెయ్యి వాళ్ళది, ఎవరి ఈడ్పు వాళ్ళది. ఇక్కడ అన్ని చేతులూ ఒక్క దూలానికే ఉన్నాయి.

"అనా, చెయ్యి వానిది. కాళ్ళు ఎవురివి?"

"నావే."

"అయితే కూచో."

"ఈడుస్తుంది."

"ఈడుస్తుంది. కూచో."

పుల్లన్న చెల్లెలి ముఖంలోకి చూశాడు. నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే మోకాళ్ళు మడిచి నేలకు జారాడు. చెయ్యి పైన దూలాన్ని పట్టుకుని ఉండిపోయింది, భుజం కటుక్కుమంది. దూలం వాణ్ణి ఈడ్చింది. గచ్చు మీద వాడి తొడలు చీరుకుపోయాయి. కానీ దూలం వేగం వెంట్రుకంత తగ్గింది. బయ్యమ్మ ముందున్న తిమ్మప్ప దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, కూచో."

"పొద్దున కూచుంటే ఏమైందో చూసినావు కదమ్మే."

"పొద్దున నువ్వొక్కనివే. ఇప్పుడు మా అన్న కూచున్న్యాడు, చూడు."

తిమ్మప్ప చూశాడు. "నాకెట్లా నడుం పడిపోయింది" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. వాడి వెనక ఉన్న ఆడమనిషి వీళ్ళ మాటలు విని, ఎవరూ చెప్పకుండానే కూర్చుంది. అటువైపు రాకుమారుడు ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెడుతూ, మంత్రులకు చెప్పడం అలవాటైన గొంతుతో ప్రాధేయపడుతున్నాడు. పది మంది. పదిహేను. దూలం కీచుమంది. ఒకడు భయపడి లేవబోయాడు, పక్కవాడు ఎడమచేత్తో వాడి గోచీ పట్టి కిందికి లాగాడు. ఇరవై ఆరు. గానుగ రోలు ఒకసారి వణికింది. బంగారు ధార దారమంత అయింది, చుక్కలయింది, ఆగింది.

దూలం నిలిచిపోయింది.

ఆ కొండలో ఎన్నో వందల ఏళ్ళుగా లేని నిశ్శబ్దం పడింది. పైకప్పు నుంచి ఒక స్ఫటికపు ఊడ విరిగి గద్దె పక్కన పడి ముక్కలైంది. హేమకుండుడు కళ్ళు తెరిచాడు. వాడి బుగ్గల మీద చర్మం ముడతలు పడుతోంది, ఒక్కో ఊపిరికి ఒక్కో ముడత. వాడు గద్దె దిగి వచ్చాడు. చేతిలో కుబుసం హారం బతికున్న పాములా మెసిలింది.

"ఎవరు పని ఆపింది?" అన్నాడు.

బయ్యమ్మ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు నేలమీద నుంచి ఒక గొంతు వినిపించింది. భుజం ఊడి, తొడలు నెత్తురోడుతూ, పెళ్ళాం పేరు పెదాల మీద పట్టి ఉంచుకున్న పుల్లన్నది.

"చేసేవాళ్ళం" అన్నాడు.

మాంత్రికుడు పాము పడగను వాడి ముఖం మీదికి విసిరాడు. దూలం కింద కూర్చున్న ఇరవై ఆరు మందీ బంగారం అంటని ఎడమచేతులను ఆ పాము మెడ పట్టడానికి చాచారు.